బూందీ మందలో ముగ్గురం

కింది ఫ్లాట్‌లోకి కొత్తగా దిగిన దంపతులు పోయిన ఆదివారం ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నారు. నల్లటి వీపు, గోధుమరంగు కాళ్ళు, ఒక చెవి నిక్కబొడుచుకుని ఇంకొకటి వాలిపోయి ఉంది. నిన్న పొద్దున లిఫ్టు దగ్గర కనబడితే నా చెప్పులు వాసన చూసి, చుట్టూ తిరిగి వెనక్కొచ్చి, ముట్టెతో నా మడమను మెల్లగా తోసింది. నలభై ఏళ్ళ తరవాత కూడా ఆ తోపుడు నా మడమకి గుర్తుంది. "అంకుల్, మీరు అల్సేషియన్‌ని పెంచారటగా, ఈ బ్రీడ్ ఎలా ఉంటుందండీ?" అని ఆ అబ్బాయి అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుని, "ఆయన్ని కుక్కల సంగతి అడక్కు నాయనా, నీకు ఆఫీసు టైమైపోతుంది" అంది. రోజూ నడిపించమనీ, తుంటి ఎముకలు జాగ్రత్తగా చూసుకోమనీ, ఎక్కువసేపు ఒంటరిగా వదిలెయ్యొద్దనీ నాలుగు ముక్కలు చెప్పి పంపేశాను. చెప్పకుండా మింగిందంతా ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైలలో మేం భిలాయిలో ఉండేవాళ్ళం. నేను ఉక్కు ప్లాంట్‌లో మిల్లు మెయింటెనెన్స్ ఇంజనీరుని. టౌన్‌షిప్‌లో ఒక సెక్టార్‌లో క్వార్టర్ ఇచ్చారు. ముందొక జామచెట్టు, వెనక రెండు బొప్పాయిలు, వాటి మధ్య మా ఆవిడ పెంచుకున్న గోంగూర మడి. కిటికీ మీద చెయ్యి పెడితే ఎర్రటి ధూళి అంటేది, ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి చాయ్ రంగుకి తిరిగేది, అంతకుమించి లోటేమీ లేదు. ఆ రోజుల్లో గేటు దగ్గర అల్సేషియన్ ఉంటే ఆ ఇంటికి ఒక హోదా. నాకూ ఆ మోజు పుట్టింది. బిలాస్‌పూర్‌లో రిటైరైన రైలింజన్ డ్రైవరు ఒకాయన, ఆంగ్లో ఇండియన్, ఆ జాతి పిల్లల్ని పెంచి ఇస్తాడని తెలిసి సెలవు పెట్టి మరీ వెళ్ళాను. పిల్లను చేతికిచ్చే ముందు ఆయన నన్ను వరండాలో కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పాడు. మొదటి మాటే, "సాబ్, ఇస్‌కో చౌకీదార్ మత్ సమఝ్‌నా. ఏ గడరియా హై." కాపలావాడు అనుకోవద్దు, ఇది గొర్రెల కాపరి అని.

ఆయన చెప్పినదాన్నిబట్టి ఈ జాతి పుట్టిల్లు జర్మనీ. అక్కడి పల్లెల్లో పొలాలకు కంచెలుండేవి కావట. ఒక పక్క పచ్చిక, పక్కనే గోధుమ చేను, రెంటి మధ్యా ఒక నాగటి చాలు, అంతే. గొర్రెలు పచ్చిక మేయాలి, చేలో మూతి పెట్టకూడదు. ఆ చాలు వెంట పొద్దుటినుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ పరిగెత్తడమే ఈ కుక్క పని, కంచె లేని చోట కంచెగా ఉండటం. ఊరికే మొరగదు, కరవదు. గీత దాటబోయిన గొర్రె పక్కకొచ్చి భుజంతో తోస్తుంది, మాట వినకపోతే పళ్ళు ఆనించీ ఆనించనట్టు ఆనించి వదిలేస్తుంది. ఏ ఊరి కాపరికి కావలసిన కుక్కల్ని ఆ ఊళ్ళోనే పెంచుకునేవారట. నూట పాతికేళ్ళ కిందట గుర్రపుదళం అధికారి ఒకాయన కుక్కల ప్రదర్శనలో అలాంటిదాన్ని చూసి, మనసు పారేసుకుని, అక్కడికక్కడే కొని, దాని సంతానంతో ఒక జాతిని స్థిరపరిచాడట. తరవాత ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మనీ పేరెత్తడం ఇష్టంలేని ఇంగ్లీషువాళ్ళు దానికి సరిహద్దులో ఉన్న ఇంకో ప్రాంతం పేరు తగిలించి అల్సేషియన్ అన్నారు. మనకి ఇంగ్లీషువాడు ఏ పేరు పెడితే అదే పేరు. అది పటాలంలో చేరింది, పోలీసుల్లో చేరింది, చివరికి మా సెక్టార్లలో ఆఫీసర్ల గేట్ల దగ్గర గొలుసుకి కట్టుబడింది. ఎక్కడున్నా దాని బుర్రలో ఆ నాగటి చాలు అలాగే ఉంటుందని ఆ పెద్దాయన అన్నాడు. నేను వినీ విననట్టు తలూపి, పిల్లను బుట్టలో పెట్టుకుని రైలెక్కేశాను.

అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్ళు. తనకిష్టమైన తినుబండారం పేరే పెట్టింది దానికి, బూందీ అని. ఏడాది తిరిగేసరికి తోడేలంత అయింది గానీ పేరు మారలేదు. "బూందీ, ఆవో" అని మేం పిలిస్తే గేటు బయట పాలవాడు తోడేలుని చూసి, పేరు విని, నవ్వాలో పరిగెత్తాలో తెలియక నిలబడిపోయేవాడు. పప్పన్నం తినేది, చారన్నం తినేది, చల్ల తాగేది. ఒక శ్రావణ శుక్రవారం పేరంటానికి సెక్టార్లోని తెలుగు ఆడవాళ్ళంతా వచ్చారు. ఒకావిడ వంటింట్లోకి వెళ్ళింది, ఇద్దరు గోంగూర మడి చూడ్డానికి పెరట్లోకి వెళ్ళారు, ఇంకొకావిడ ఇంటికెళ్ళిపోదామని చెప్పులు వెతుక్కుంటోంది. బూందీ లేచింది. కిక్కురుమనకుండా ఒక్కొక్కరి వెనకా చేరి, పట్టుచీరల కుచ్చిళ్ళని భుజంతో నెట్టుకుంటూ, పది నిమిషాల్లో అందరినీ ముందుగది జంపఖానా మీదికి చేర్చి గుమ్మానికి అడ్డంగా పడుకుంది. బిక్కచచ్చిపోయి కూర్చున్నారు పాపం. నేను షిఫ్టు నుంచి వచ్చి గొలుసు వేసేదాకా తాంబూలాలు పుచ్చుకున్నవాళ్ళెవరూ కదల్లేదు.

మా ముగ్గురి విషయంలో దాని పద్ధతి ఒకటే. ముగ్గురం ఒకే గదిలో ఉంటే కళ్ళు మూసుకునేది. ఒకరు పక్క గదిలో ఉంటే రెండు గదుల మధ్య గుమ్మంలో పడుకుని ఒక చెవి అటూ ఒక చెవి ఇటూ పెట్టేది. ఒకరు బయటికెళ్తే వచ్చేదాకా నిద్రపోయేది కాదు. నాకేమో వారం వారం షిఫ్టు మారేది. దానికి కంటినిండా నిద్ర ఎక్కడిది? "ఈ ప్లాంటు వాళ్ళింట్లో పుట్టకూడదమ్మా నువ్వు" అని మా ఆవిడ దాని తల నిమిరేది.

అమ్మాయికి ఆరేళ్ళప్పుడు మా ఆవిడకి విశాఖలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం వచ్చింది. ఎప్పుడో రాసిన పరీక్ష, మేం మర్చిపోయాం కూడా. వాళ్ళ అమ్మగారిల్లు ఉంది, పిల్ల తెలుగు చదువు చదువుకుంటుంది, ఒక ఏడాది చూద్దాం, ఈలోపు బదిలీ పెట్టుకోవచ్చు అనుకున్నాం. ఏడాది అయ్యాక తెలిసింది, బదిలీ అడిగితే ఇస్తారు గానీ రాష్ట్రం మారితే సీనియారిటీ పోయి అందరికంటే కిందికి చేరుతుందని. నేను వదులుకుని వెళ్దామంటే నా పేరు ప్రమోషన్ లిస్టులో పైకొచ్చింది. ఇప్పుడు మానేస్తే ఇన్నేళ్ళ సీనియారిటీ మట్టిపాలు. ఇద్దరం చదువుకున్నవాళ్ళం, ఇద్దరం తెలివైనవాళ్ళం. ఎవరి సీనియారిటీ వాళ్ళు పదిలంగా కాపాడుకున్నాం. ప్రతి ఉత్తరం చివరా "వచ్చే ఏడు తప్పకుండా" అని రాసుకునేవాళ్ళం. దీన్ని మించిన పొరపాటు నేను నా జీవితంలో ఇంకేదీ చెయ్యలేదు.

వాళ్ళు వెళ్ళిన మొదటి నెల బూందీ చేసిందంతా ఇప్పటికీ నాకు వరసగా గుర్తుంది. నేను డ్యూటీ నుంచి రాగానే నా మడమ తోసి లోపల కూర్చోబెట్టేది. తరవాత పడగ్గదికి వెళ్ళేది, వంటింటికి వెళ్ళేది, పెరటి తలుపు దగ్గర నిలబడేది, తిరిగొచ్చి నన్ను చూసేది. మళ్ళీ మొదలు. మెయింటెనెన్స్ వాణ్ణి కాబట్టి మిల్లు ఆగితే పిలవడానికి ఇంట్లో ఫోన్ పెట్టారు. ఆదివారాలు మా ఆవిడ లైను కలిపించుకుని మాట్లాడేది. ఒకసారి అమ్మాయి, "నాన్నా, నువ్వు బూందీ చెవి దగ్గర పెట్టు, నేను మాట్లాడతా" అంది. పెట్టాను. పేరు వినగానే అది తుళ్ళిపడి ఇల్లంతా రెండుసార్లు గాలించి, గేటు దాకా పోయి, రోడ్డుకి అటూ ఇటూ చూసి, అక్కడే కూర్చుండిపోయింది. రెండురోజులు అన్నం ముట్టలేదు. ఆ తరవాత పిల్ల అడిగినా నేనెప్పుడూ దానికి ఫోన్ ఇవ్వలేదు. దాన్ని చూసి నాకే ఇల్లు మరీ ఖాళీగా అనిపించేది. నాతో నేను మాట్లాడుకోవడం మానేసి దానితో మాట్లాడ్డం మొదలుపెట్టాను, తెలుగులో, ఎందుకంటే ప్లాంట్‌లో రోజంతా హిందీయే.

పక్క క్వార్టర్‌లో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఫోర్‌మన్‌గారి కుటుంబం ఉండేది. వాళ్ళకొక ఆవు. సెక్టార్లో ఆవులున్న ఇళ్ళన్నీ తిరిగి పశువుల్ని తోలుకెళ్ళే రౌత్, అంటే అక్కడి గొల్ల, ఒకాయన రోజూ పొద్దున్నే వచ్చి, కోహ్కా ఊరి వైపు బీళ్ళలో మేపుకొచ్చేవాడు. ఒక చలికాలం బూందీ గేటు దూకి ఆ మంద వెంట పోయింది. నేను సైకిలు మీద వెతుక్కుంటూ వెళ్ళేసరికి అక్కడ పండగలా ఉంది. వరి కోసిన మళ్ళలో ఆవులు మేస్తున్నాయి, పక్కన ఇంకా కోయని చేను, ఆ గట్టు వెంట బూందీ అటూ ఇటూ పరుగు. దానికెవరూ నేర్పలేదు. దాని తాతముత్తాతలెవరో జర్మనీలో చేసిన పని ఛత్తీస్‌గఢ్‌లో వరిగట్టు మీద చేస్తోంది. రౌత్ కర్ర మీద గడ్డం ఆనించి మెచ్చుకోలుగా చూస్తూ, "తోర్ కుకుర్ హ కమైయా హే సాహెబ్, బైఠే బైఠే మర్ జాహీ" అన్నాడు. పని చేసుకునే జీవం ఇది, ఊరికే కూర్చోబెడితే చచ్చిపోతుంది అని. తనకిచ్చెయ్యమని అడిగాడు. ఇచ్చేశాను. దాని సుఖం కంటే నా ఒంటరితనం ముఖ్యం కాదు కదా అని నాకు నేనే చెప్పుకుని, ఆ సాయంత్రం వంట కూడా చేసుకోలేదు. చీకటి పడేవేళకి గేటు దగ్గర చప్పుడైంది. ఆవుల్ని ఇళ్ళకి చేర్చి, పని ముగించుకుని వచ్చేసింది. పొద్దున మళ్ళీ వెళ్ళింది, సాయంత్రం మళ్ళీ వచ్చింది. నన్ను లోపల కూర్చోబెట్టి, మూడు గదులూ చూసొచ్చి, అప్పుడు నీళ్ళు తాగేది. ఆ తరవాత ఏళ్ళ తరబడి అదే దాని డ్యూటీ.

వేసవిలో తల్లీ కూతుళ్ళు నెలరోజులకి వచ్చేవారు. ఆ నెల బూందీ మంద వైపు తొంగి చూసేది కాదు. రౌత్ గేటు దగ్గర నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు. పిల్ల వచ్చినప్పుడల్లా ఒక జానెడు పెరిగి వచ్చేది. మొదటి రెండేళ్ళూ స్టేషన్‌లో పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు చుట్టేసింది. మూడో ఏడు వాళ్ళమ్మ వెనక నిలబడింది. ఎప్పుడు మారిందో నేను గమనించలేదు, ఒక వేసవిలో నన్ను 'మీరు' అంటోంది. పొద్దున కాఫీ ఇస్తూ "నాన్నగారూ, పంచదార సరిపోయిందా?" అని అడిగింది, చుట్టం ఇంటికొచ్చిన పిల్లలా. నాకు ఆ కాఫీ రుచి తెలియలేదు.

ఎనభైలు వచ్చాక విశాఖలో కొత్త ఉక్కు కర్మాగారం కడుతున్నారనీ, అనుభవం ఉన్నవాళ్ళని తీసుకుంటున్నారనీ కబురొచ్చింది. భిలాయి తెలుగువాళ్ళలో పెద్ద కదలిక. ఎక్కడ నలుగురు కలిసినా అదే మాట. ఫోర్‌మన్‌గారు ముందు బ్యాచ్‌లోనే వెళ్ళిపోయారు. నేను మాత్రం ఇంకో ప్రమోషన్ వరసలో ఉన్నాను. వెళ్ళేముందు ఫోర్‌మన్‌గారి భార్య ఆవుని రౌత్‌కి అప్పగించి, నాకు ఆఖరిసారి కూర గిన్నె ఇవ్వడానికొచ్చింది. ఆఫీసరని చూడకుండా మొదటినుంచీ నన్ను బాబూ అనే మనిషి. "ఏటి బాబూ, అందరం ఎల్లిపోతన్నాం, ఇంకెవులున్నారు నీకిక్కడ? అక్కడేమో నీ పెళ్ళాం, నీ పిల్ల. నువ్వు ఈ కుక్కనెట్టుకుని ఏటి కాపలా కాత్తన్నావు?" అంది. లిస్టు సంగతి చెప్పాను. గిన్నె నా చేతిలో పెట్టి, ఆవిడ వెళ్ళిపోయింది.

ఆ మరుసటి వేసవి చివర వాళ్ళిద్దరినీ రాయపూర్‌లో వాల్తేరు బండి ఎక్కించడానికి జీపులో బయల్దేరాం. బూందీని ఎప్పుడూ ఇంట్లో కట్టేసి వెళ్ళేవాణ్ణి. ఆ ఏడు దానికి తుంటి పట్టేసింది, ఆ జాతికి ముసలితనంలో వచ్చే జబ్బే. వచ్చే వేసవికి ఉంటుందో ఉండదోనని అమ్మాయి బతిమాలి జీపులోకి ఎక్కించుకుంది. ప్లాట్‌ఫారం మీద బండి వచ్చి ఆగేదాకా అది మా ముగ్గురి చుట్టూ కుంటుతూ తిరిగింది. వాళ్ళు రైలుపెట్టె దగ్గరికి నడవగానే ముందుకు పోయి తలుపుకి అడ్డంగా నిలబడింది. అమ్మాయిని భుజంతో వెనక్కి తోసింది, మా ఆవిడ మడమ దగ్గర పళ్ళు ఆనించింది. జనం చూస్తున్నారు. పిల్లకి సిగ్గేసి, "నాన్నగారూ, దాన్ని పట్టుకోండి" అంది. గొలుసు పట్టుకుని పక్కకి లాగాను. బండి కదిలింది. కిటికీలోంచి రెండు చేతులు ఊగాయి, ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. ఇంటికి పోదాం పద అని నేను గేటు వైపు తిరిగాను. బూందీ రాలేదు. నా వెనక చేరి, సరిగా నిలబడలేని ఆ కాళ్ళతోనే, నన్ను బండి వెళ్ళిన వైపుకి తొయ్యడం మొదలుపెట్టింది. నేను అడుగు వెయ్యకపోతే మళ్ళీ తోసింది. ఇన్నాళ్ళూ అది తప్పిపోయినవాళ్ళ కోసం వెతుకుతోందనుకున్నాను. ఇద్దరున్న చోటే మంద. తప్పిపోయింది నేను. సిమెంటు బెంచీ మీద కూర్చుని, దాని మెడ పట్టుకుని, కూలీలు చూస్తుండగా ఏడ్చాను.

మర్నాడు పొద్దున విశాఖ ఉక్కుకి అప్లికేషన్ టైపు చేయించి పంపాను. కదలడానికి ఇంకో ఏడాది పైన పట్టింది. సీనియారిటీ పోయింది, జూనియర్ల కింద పనిచేశాను. లిస్టులో నా నంబరు ఎంత ఉండేదో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు. సామాను లారీలో పంపి, బూందీని గార్డు పెట్టెలోని కుక్కల గూట్లో పెట్టించి, అదే వాల్తేరు బండిలో బయల్దేరాను. బండి ఆగిన ప్రతిచోటా దిగి పరిగెత్తి దానికి నీళ్ళు పట్టాను. రాయగడ దాటాక గార్డు జాలిపడి నన్ను కూడా అక్కడే కూర్చోనిచ్చాడు. సెక్టార్ వదిలొచ్చేరోజు రౌత్ గేటు దాకా వచ్చి, దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

విశాఖ ఇంట్లో మొదటిరోజు మధ్యాహ్నం ముగ్గురం హాల్లో కూర్చుని అన్నం తింటుంటే బూందీ గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ముగ్గురినీ ఒకసారి తేరిపార చూసి కళ్ళు మూసుకుని, దీపాలు పెట్టేదాకా లేవలేదు. అంత నిద్ర అది పోగా నేనెప్పుడూ చూడలేదు. కానీ మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. భోజనం కాగానే తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుని చదువుకునేది. పదిహేనేళ్ళ పిల్ల తలుపేసుకోవడంలో తప్పేముంది? బూందీ మాత్రం ఆ తలుపు ముందు కూర్చుని ఒకసారి తలుపుని, ఒకసారి నన్ను చూసేది. ఆ తలుపు తట్టే చనువు బూందీకి ఉంది, నాకు లేదు. కాలితో గోకితే పిల్ల తెరిచి దాన్ని లోపలికి రానిచ్చేది. నేను దాని వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడి, "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగేవాణ్ణి. "లెక్కలండీ" అనేది. ఒక్కోసారి ఇంకో రెండు మాటలు కూడా మాట్లాడేది. ఒకరోజు కుర్చీ లాగి, "కూర్చోండి నాన్నగారూ" అంది. ఆ చలికాలమంతా నాకు ఆ తలుపు తెరిపించింది ఆ ముసలి కుక్కే.

ఎండలు ముదిరేలోపే అది పోయింది. అమ్మాయి నాలుగు రోజులు ఏడ్చింది, ఐదో రోజునుంచి పరీక్షలకి చదువుకోవాలని తలుపేసుకుంది. నేను హాల్లో కూర్చుని ఆ తలుపుని చూస్తూ ఉండిపోయాను. ఎవరూ నా మడమ తొయ్యలేదు. కుక్క ఆయుష్షు పన్నెండేళ్ళు, పిల్లల చిన్నతనం కూడా ఇంచుమించు అంతే. మా ఇంట్లో రెండూ ఇంచుమించు ఒకేసారి మొదలై ఒకేసారి అయిపోయాయని, అందులో తొమ్మిదేళ్ళు నేను లిస్టు చూసుకుంటూ గడిపేశానని, ఆ మూసిన తలుపు ముందు కూర్చున్నాక గానీ నాకు తెలియలేదు.